పెరటి పండు ముందు మన పిలకాయలకి

మాది కలువాయి. నిమ్మ మీద బతికే మండలం. తెల్లారకముందే తోటల్లో కాయ కోత మొదలవుతుంది. పొద్దెక్కేసరికి బస్తాలు ఆటోలకెక్కి పొదలకూరు మార్కెట్టుకో గూడూరు మార్కెట్టుకో చేరతాయి. అక్కడి నుంచి లారీల్లో ఢిల్లీ దాకా పోతాయి. నిమ్మ ఒక్కటే కాదు. రాపూరు వైపు మామిడి ఉంది. ఉదయగిరి వైపు బత్తాయి ఉంది. వెలిగొండల్లో సీతాఫలం, చెరువు కట్టల మీద తాటి, బీళ్ళలో రేగు, పెరళ్ళలో జామ, బొప్పాయి. ఇన్ని పండే చోట సాయంత్రం బడి విడిచాక పిలకాయల చేతుల్లో ఏముందో ఒకసారి చూడండి. ఐదు రూపాయల ప్యాకెట్టు. పది రూపాయల రంగునీళ్ళ సీసా. మన పండు ఊరు దాటి పోతోంది, అదే రోడ్డున ప్యాకెట్ల వ్యాను ఊళ్ళోకి వస్తోంది.

దీన్ని మార్చుకోవాలి, మార్చుకోగలం అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను నిమ్మ రైతుని. ఇంట్లో ఇద్దరు మనవళ్ళు, ఒక మనవరాలు. పొదుపు సంఘంలో లెక్కలు చూస్తాను కాబట్టి నాలుగిళ్ళ సంగతులు చెవిన పడుతుంటాయి. ఈ మధ్య ఏ ఇంట చూసినా ఒకటే మాట: పిలకాయలు అన్నం దగ్గర మారాం చేస్తున్నారు, ప్యాకెట్లకైతే పరిగెత్తుతున్నారు. కలిగిన ఇల్లు, లేని ఇల్లు అనే తేడా లేదు. నేను చెప్పేదీ ఒకటే. మన పిలకాయల చిరుతిండి మన చెట్ల నుంచే రావాలి. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు, పెద్ద వంటా అక్కర్లేదు. ఇంట్లో అందరూ పంచుకునే అరగంట కావాలి. బడిలో వారానికి కనీసం రెండు రోజులు పండు కావాలి.

సీసాలో పండెంత, చక్కెరెంత

మామిడి బొమ్మ వేసిన సీసా చూస్తే లోపలంతా మామిడే అనుకుంటాం. పండ్ల పానీయం పేరుతో అమ్మాలంటే మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం అందులో పండ్ల రసం 10 శాతం ఉంటే చాలు. నిమ్మ పానీయానికైతే 5 శాతమే చాలు. మిగిలింది నీళ్ళు, చక్కెర, రుచికీ రంగుకీ కలిపే సరుకు. గాఢరసానికి నీళ్ళు కలిపి డబ్బాల్లో పోసి, పైన ‘నూరు శాతం పండ్ల రసం’ అని రాసుకునేవాళ్ళను ఆ మాట తీసేయమని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో ఆదేశించింది. డబ్బా మీద బొమ్మకీ లోపలి సరుకుకీ ఎంత దూరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక కూల్ డ్రింకు. 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉండడం మామూలు. 200 మిల్లీలీటర్ల చిన్న సీసా తాగితే 20 గ్రాములు దాటినట్టే. పైనుంచి కలిపే చక్కెర రోజంతా తినే తిండి శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ ఐదు శాతం పెద్దవాళ్ళకే సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. పసివాళ్ళకి ఇంకా తక్కువ. ఒక్క చిన్న సీసాతో వాళ్ళ రోజు వాటా అయిపోయినట్టే. ఆ తర్వాత బిస్కెట్టు ఉంది, చాక్లెట్టు ఉంది, రెండు పూటలా టీ ఉంది.

మా పెద్ద మనవడు ఏడో తరగతి. ఒక సాయంత్రం వాడి చేతే సీసా మీది సన్న అక్షరాలు చదివించాను. చక్కెర డబ్బా, గాజు గ్లాసు ముందు పెట్టి, అందులో ఎంత ఉందో అంత తీయమన్నాను. నాలుగు చెంచాలు వేసి ఆగాడు. “ఇంకా ఎయ్యాలా అవ్వా?” అన్నాడు. “లెక్క నువ్వే గదా చదివింది నాయనా, సరిగ్గా ఎయ్యి” అన్నాను. ఇంకో చెంచా వేశాడు. గ్లాసు అడుగున పేరుకున్న ఆ తెల్లటి పొరను పిల్లలు ముగ్గురూ వంగి వంగి చూశారు. ప్రతి ఇంట్లో ఒక్కసారి ఈ పని చేయండి. మనం తిట్టి చెప్పే పది మాటల కంటే వాళ్ళు చేత్తో కొలిచిన చక్కెర బాగా గుర్తుంటుంది.

బడుల్లోనూ ఇది చేయొచ్చు. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనిపించేలా ‘షుగర్ బోర్డు’ పెట్టమని సీబీఎస్ఈ 2025లో తన కింది బడులకు చెప్పింది. మన జిల్లా పరిషత్ హైస్కూళ్ళ గోడ మీద అలాంటి బోర్డు రాయడానికి ఒక డబ్బా రంగు చాలు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి హెచ్చరిక ముద్రలు వేయిస్తోంది, వాటిని బడుల్లో అమ్మనివ్వడం లేదు. అంత చట్టం మన దగ్గరికి వచ్చేదాకా మన గోడ, మన బోర్డు మన చేతిలోనే ఉన్నాయి.

ఇప్పుడు జామకాయను చూద్దాం. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. కమలాపండులో ఉండేదానికి ఇది నాలుగు రెట్లు. దాంతో పాటు ఐదు గ్రాములకు పైగా పీచు. పండులోనూ తీపి ఉంది, కానీ పీచు తోడుంటుంది కాబట్టి ఆ తీపి రక్తంలోకి నిదానంగా చేరుతుంది. కడుపు నిండినట్టు ఉంటుంది. నమిలి తినాల్సి వస్తుంది కాబట్టి ఒకటి రెండుతో చాలనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ఇచ్చిన ఆహార సూచనల్లో మనిషికి రోజుకు 100 గ్రాముల పండ్లు చెప్పింది. అంటే ఒక మోస్తరు జామకాయ. మన పెరట్లో దొరికేదే.

ఈ పని అమ్మల నెత్తిన మాత్రమే పెట్టకండి

ఇంట్లో చేసి పెట్టండి అని పేపర్లో రాయడం తేలిక. చేసేది ఎవరు? మా వైపు ఆడవాళ్ళు చీకటితో లేచి, వంట చేసి, క్యారేజీలు కట్టి కాయ కోతకి పోతారు. నిమ్మచెట్టు ముళ్ళు చేతులంతా గీరుకుంటాయి. ఇంటికొచ్చేసరికి పాలు పితకాలి, నీళ్ళు పట్టాలి, రాత్రి వంట చూడాలి. అలాంటి తల్లి బిడ్డ చేతిలో ఐదు రూపాయలు పెట్టి అంగడికి పంపిందంటే అది ప్రేమ లేక కాదు, ఓపిక లేక. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అందుకే నేను చెప్పే తిండ్లన్నీ రెండు షరతులకు లోబడినవి. మొదటిది, రోజూ పెట్టేదానికి పొయ్యి వెలిగించే పని ఉండకూడదు, ఉన్నా పది నిమిషాలు దాటకూడదు. రెండోది, నాన్నో తాతో ఎనిమిదేళ్ళ పిల్లాడో కూడా చేయగలిగేట్టు ఉండాలి. జామకాయ కోయడానికి ఆడమనిషే రానక్కర్లేదు. బొప్పాయి చెక్కు తీయడం మగవాడికి చేతకాని పనేమీ కాదు. మా ఇంట్లో సాయంత్రం పండు కోసే పని మా ఆయనది. కళ్ళజోడు పెట్టుకుని, కత్తిపీట ముందేసుకుని కూర్చుంటారు. పిల్లలు పళ్ళేలు పట్టుకుని చుట్టూ చేరతారు. “తాతా, నాకు ఉప్పూ కారం ఎక్కువెయ్యి” అని ఒకడు, “నాకు కారం వొద్దు” అని ఇంకొకరు. అంగట్లో ప్యాకెట్టు ఇచ్చే రుచిలో సగం ఆ ఉప్పూ కారంలోనే ఉంది. చిటికెడు మన ఇంటి ఉప్పూ కారం వేసి ఇస్తే వాళ్ళకి ఆ లోటు తెలియదు.

ఏ నెలకి ఏ పండు

మెట్ట ప్రాంతం, కరువు ప్రాంతం అని మనల్ని మనం తక్కువ చేసుకుంటాం. నిజమే, బోర్లు ఎండిపోయే ఏళ్ళున్నాయి. సోమశిల నుంచి కండలేరుకు నీళ్ళు మన పక్కనుంచే పోతున్నా అందరి పొలాలకూ అందవు. కానీ ఈ మెట్టలో నీళ్ళు పెట్టకుండానే కాసే చెట్లు ఎన్నో ఉన్నాయి. రేగు, వెలగ, ఉసిరి, నేరేడు, సీతాఫలం, తాటి. ఇవి ఒకదాని వెనుక ఒకటి ఏడాదంతా కాస్తాయి.

సంక్రాంతికి రేగుపళ్ళు. భోగి నాడు పసివాళ్ళ తలల మీద పోసే ఈ పళ్ళను ఆ మర్నాడు మరిచిపోతాం. రెండు నెలల పాటు కాసే పండు అది. తిన్నన్ని తినగా మిగిలినవాటితో వడియాలు పెట్టుకోవాలి. పద్ధతి చెబుతాను. బాగా పండి కొంచెం ముడతపడిన నాటు రేగుపళ్ళు కిలో ఏరుకోండి. పురుగు పట్టినవి తీసేసి, కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టండి. పావుకిలో బెల్లం, నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు. రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచండి. గట్టిగా దంచకూడదు. రోకలి దెబ్బకి గుజ్జు గింజను వదిలితే చాలు. చిన్నపిల్లలున్న ఇంట్లో గింజలన్నీ చేత్తో ఏరేయాలి. అరచేతిలో నూనె రాసుకుని బిళ్ళలుగా ఒత్తి, తాటాకు చాప మీదో శుభ్రమైన గుడ్డ మీదో పెట్టి, పైన పలచటి గుడ్డ కప్పి ఎండనివ్వండి. రెండో రోజు తిరగేయాలి. మూడు నాలుగు ఎండలకు వడియం చేతికి అంటకుండా వస్తుంది. సీసాలో పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది. పులుపు, తీపి, కారం, ఉప్పు నాలుగూ ఒకే బిళ్ళలో ఉంటాయి. ఎండబెట్టిన చాప మీద నుంచి పిలకాయలు సగం మాయం చేస్తారు. చేయనివ్వండి, వాళ్ళ కోసమే గదా పెట్టింది.

శివరాత్రి దాటితే ఎండలు. సీమచింత కాయలు వస్తాయి. వెనకే తాటి ముంజలు. ముంజలు వొలిచి అలాగే తినడమే మేలు. మరీ కావాలంటే ముక్కలు చేసి చల్లటి పాలల్లో వేసి ఇవ్వండి. మే నెలలో మామిడి. దూరం పంపడానికి పనికిరాని పీచు రసాలు తాండ్రకి బాగుంటాయి. రసం పిండి, జల్లెడలో పీచు తీసేసి, పళ్ళేనికి నెయ్యి రాసి పలచగా పోసి ఎండలో పెట్టాలి. ఒక పొర ఆరాక ఇంకో పొర. తాండ్ర అంటే గోదావరి సీమలోని ఆత్రేయపురం పేరు చెబుతారు. వాళ్ళ చేతివాటం గొప్పది. కానీ వెలిగొండల కింద మనకున్న మే ఎండ ఏం తక్కువది? పండు బాగా తీపిగా ఉంటే బెల్లమూ అక్కర్లేదు. రసం కలపడానికి ఉదయగిరి చెక్క గరిటె వాడండి. పులుపు తగిలితే అల్యూమినియం గరిటెలు నల్లబడతాయి, చెక్కకి ఆ బాధ లేదు. మన కొండ కింది కళాకారుల చేతి పనికి ఒక ఇల్లు ఆసరా ఇచ్చినట్టూ ఉంటుంది.

మామిడి గురించి ఒక హెచ్చరిక. కార్బైడ్ పెట్టి పండించడం నిషేధం, అయినా దొంగచాటుగా జరుగుతూనే ఉంది. తెలిసిన తోటలో ముదురు కాయ కొని, ఇంట్లో వరిగడ్డిలో మాగేసుకుంటే ఆ భయం ఉండదు. నాలుగైదు రోజుల్లో ఇల్లంతా వాసన వస్తుంది.

తొలకరికి నేరేడు. వినాయక చవితికి వెలగపండు. దాన్ని పత్రితో పాటు పూజలో పెట్టి వదిలేయకండి. పగలగొట్టి, గుజ్జులో కొంచెం బెల్లం కలిపి చెంచాతో తినిపిస్తే పెద్దవాళ్ళే పోటీకి వస్తారు. దసరా ముందూ వెనుకా సీతాఫలం. గుజ్జును జల్లెడ మీద చేత్తో రుద్దితే గింజలు పైన మిగిలిపోతాయి. కాచి చల్లార్చిన పాలల్లో ఆ గుజ్జు కలపండి, చక్కెర పని లేదు. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, వేడి తగిలితే చేదెక్కుతుంది. గింజలు పిల్లలకు అందకుండా పారేయాలి. పేలకి మంచిదని ఆ గింజల పొడి తలకి పట్టించేవాళ్ళు ఇంకా ఉన్నారు. కంట్లో పడితే చూపే దెబ్బతింటుంది, ఆ పని చేయొద్దు.

కార్తీకంలో ఉసిరి. కాయలను ఆవిరి మీద ఐదు నిమిషాలు పెడితే తొనలు వాటంతటవే విడిపోతాయి. కొన్నిటికి ఉప్పు, కొన్నిటికి బెల్లం పొడి పట్టించి ఎండబెట్టుకోవచ్చు. బడికి పోయేటప్పుడు నాలుగు తొనలు జేబులో వేస్తే చాక్లెట్టు అడగరు.

జామ, బొప్పాయి, అరటి ఇంచుమించు ఏడాదంతా ఉంటాయి. బొప్పాయి ముక్కల మీద నిమ్మరసం పిండి మిరియాల పొడి చల్లండి. బొప్పాయి వాసన నచ్చదనే పిల్లలు కూడా తింటారు. అరటిపండు చక్రాలుగా కోసి, వేయించిన చెనక్కాయల పొడిలో దొర్లించి ఇవ్వండి. తొక్క మీద మచ్చలు పడి ఎవరూ ముట్టని అరటిపండ్లను మెత్తగా పిసికి, రాగిపిండి, చిటికెడు యాలకుల పొడి కలిపి పెనం మీద చిన్న చిన్న అట్లు పోయండి. పండులోని తీపే చాలు. ఒక్కో అట్టుకు పట్టేది రెండు నిమిషాలు.

మన నిమ్మ ఇంట్లో చేయాల్సిన పని

నిమ్మని మనం అమ్ముకునే సరుకుగానే చూస్తాం. వెంకటగిరి దగ్గర పెట్లూరులో పరిశోధన స్థానం ఉన్నంతగా ఈ పంట మన ప్రాంతంతో ముడిపడిపోయింది. కానీ నిమ్మ తోట ఉన్న ఇంట్లో పిల్లల పళ్ళెంలోకి నిమ్మ ఎంత చేరుతోంది? ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ముగ్గురిలో ఇద్దరన్నమాట. పప్పులు, ఆకుకూరలు, రాగుల్లో ఇనుము ఉన్నా పేగులు దాన్ని అంత సులువుగా తీసుకోలేవు. అదే ముద్దలో విటమిన్ సి ఉంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ దీనికి ఎదురు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది. పసివాళ్ళకి టీలో బిస్కెట్టు ముంచి పెట్టే అలవాటు మానుకోమనేది అందుకే.

నిమ్మ ఇక్కడ పనికొస్తుంది. ఉడికించిన శెనగలు, అలసందలు, పెసలు ఏవైనా గుగ్గిళ్ళు తాలింపు పెట్టి, పొయ్యి మీద నుంచి దించాక నిమ్మకాయ పిండండి. వేడికి విటమిన్ సి పోతుంది కాబట్టి దించాకే పిండాలి. బొరుగుల్లో సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, టమాటా, చెనక్కాయలు కలిపి నిమ్మరసం పిండితే ఐదు నిమిషాల్లో గిన్నెడు చిరుతిండి. జామ, అరటి ముక్కలు కోసిన కాసేపటికే నల్లబడతాయి కదా, నిమ్మరసం చల్లితే బడి డబ్బాలో పెట్టినా మధ్యాహ్నం దాకా రంగు మారవు. మార్కెట్టులో బాగా పండి పసుపెక్కిన కాయకి దూరం పోలేదని ధర తగ్గిస్తారు. ఇంటికి అదే మంచిది, రసం ఎక్కువ. కోత అయ్యాక చెట్ల కింద రాలిన పండు కాయను ఒక బుట్టెడు ఇంటికి తెచ్చుకుంటే వారానికి సరిపోతుంది.

షరబత్తు విషయంలో జాగ్రత్త. ఇంట్లో చేశామని షరబత్తులో చక్కెర చక్కెర కాకుండా పోదు. బెల్లమైనా, తేనె అయినా అంతే. అందుకే గ్లాసుకి చెంచా మించకుండా వేసి, మిగతా రుచి ఉప్పు, వేయించిన జీలకర్ర పొడితో రానివ్వాలి. పండును కూడా వీలైనంతవరకు నమిలి తిననివ్వండి. రసం తీసి వడగడితే పీచంతా పిప్పిలో పోతుంది, మిగిలేది తీపి నీళ్ళే. ఆ రసంలోని తీపిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించాల్సిన చక్కెరల్లోనే లెక్కేసింది. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించవద్దు. ఐదేళ్ళ లోపు పిల్లలకి గింజలున్న పండ్లు అలాగే ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. నిమ్మ చెక్కలు చప్పరించే పిల్లల చేత వెంటనే నీళ్ళు పుక్కిలించేలా చూడాలి, లేకపోతే పంటి పైపొర అరిగిపోతుంది. చక్కెర జబ్బున్న పెద్దవాళ్ళు ఏ పండు ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి.

బడి, సంఘం, ఊరు చేయాల్సినవి

ఇంట్లో చేసేది సగమే. మిగతా సగం ఊరు చేయాలి.

డొక్కా సీతమ్మ పేరు మీద మన బడుల్లో పెడుతున్న మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది, రాగి జావ ఉంది, చెనక్కాయల చిక్కీ ఉంది. మంచి తిండి. అందులో లేనిది పండు. రాగుల్లో, చెనక్కాయల్లో ఉన్న ఇనుము ఒంటబట్టాలంటే పక్కన ఒక జామ ముక్క, లేకపోతే ఒక నిమ్మ చెక్క ఉండాలి. పక్కనున్న కర్ణాటకలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తున్నారు. అంటే పండు ఇవ్వడం కుదరని పనేమీ కాదు. మన ప్రభుత్వం వారానికి కనీసం రెండు రోజులు పండు చేర్చాలి. ఆ పండు ఏదో ఊరి నుంచి టెండరు మీద రాకూడదు, ఆ మండలంలో ఆ నెలలో పండేదే కొనాలి. సంక్రాంతికి రేగు, వేసవికి ముందు బొప్పాయి, దసరాకి సీతాఫలం, ఎప్పుడూ జామ. రాపూరు బడిలో ఒక పండు, ఉదయగిరి బడిలో ఇంకో పండు అయితే తప్పేముంది? పిల్లలకు తాజా పండు దొరుకుతుంది, చిన్న రైతుకి ఊళ్ళోనే బేరం దొరుకుతుంది. గుగ్గిళ్ళలో, పప్పులో పిండే నిమ్మకాయలైతే మా మండలంలో అడిగితే రైతులే ఇస్తారు. ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా గిట్టక చెట్టు మీదే వదిలేసే కాయ ఎంతో ఉంటుంది. నిమ్మ ఆధారంగా పరిశ్రమ కావాలని రైతులు అడుగుతూనే ఉన్నారు, అది రావాలి. వచ్చేలోపు ఆ కాయ మన పిల్లల పళ్ళెంలోకన్నా చేరనివ్వండి.

ప్రతి బడి ఆవరణలో, ప్రతి అంగన్‌వాడీ పక్కన ఒక జామ, ఒక ఉసిరి, రెండు బొప్పాయి మొక్కలు నాటించాలి. బొప్పాయి ఏడాది తిరిగేలోపు కాపుకొస్తుంది. చేతులు కడుక్కున్న నీళ్ళు మళ్ళిస్తే వాటికి సరిపోతుంది. తాము నీళ్ళు పోసిన చెట్టు పండును ఏ పిల్లా వొద్దనదు.

పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు నా మాట. రేగు వడియాలు, ఉసిరి తొనలు, మామిడి తాండ్ర మనమే చేసి అమ్మొచ్చు. చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఇలాంటి పని చేసే సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా మూలధనం ఇచ్చే ఏర్పాటు చేశారు. అది ఇప్పుడూ అందుతుందేమో మండల సమాఖ్యలో అడగండి. పెంచలకోన తిరునాళ్ళకి ఎంత జనం వస్తారో మనకు తెలుసు. ఆ దారిలో బొమ్మల ప్యాకెట్ల పక్కన మన రేగు వడియాల ప్యాకెట్టు కూడా ఉంటే కొనేవాళ్ళు ఉంటారు. శుభ్రంగా చేసి, చేసిన తేదీ రాసి, వేసిన సరుకులు రాసి అమ్ముదాం. రంగులు కలపొద్దు.

అంగడి నడిపే అన్నలకూ ఒక విన్నపం. మీరూ బతకాలి, ప్యాకెట్లు తీసేయమని నేను అనను. పిల్లల కంటికి ఎదురుగా వేలాడే దండల్ని కొంచెం వెనక్కి జరిపి, ముందు ఒక అరటి గెల వేలాడదీయండి. ఒక బుట్టలో జామకాయలు పెట్టండి, పక్కన ఉప్పూ కారం పొట్లం పెట్టండి. ఐదు రూపాయలకి ఒక కాయ కోసి ఇస్తే పిల్లలు కొనరా? కొంటారు. వాళ్ళకి కావలసింది చేతిలో ఏదో ఒకటి, నోట్లో కొంచెం రుచి, పక్కన స్నేహితులు. ఆ మూడూ పండుతో కూడా దొరుకుతాయి.

రైతులుగా మనం పాటించాల్సిన నియమం కూడా ఒకటుంది. మంచి కాయ ఏరి బస్తాకెత్తి, మచ్చ కాయ, దెబ్బ కాయ ఇంటికి తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. ఇక మీదట ఏ తోట కోసినా మొదటి గంపలో నుంచి బాగున్నవి నాలుగు తీసి ముందు ఇంటికి పంపుదాం. బస్తా తూకంలో ఆ నాలుగు కాయల తేడా ఎవరికీ తెలియదు, మన బిడ్డల ఒంట్లో రక్తానికి తెలుస్తుంది. తల్లిదండ్రుల కమిటీ సమావేశం ఈసారి ఎప్పుడు జరిగినా మీ ఊరి బడిలో లేచి నిలబడి అడగండి: మా పిల్లలకు వారానికి రెండు రోజులు పండు పెట్టండి, అది మా ఊరి పండే పెట్టండి. కలువాయిలో నేను అడుగుతాను. ఆత్మకూరులో, ఉదయగిరిలో, రాపూరులో మీరు అడగండి. అందరం కలిసి అడిగితే వినకుండా ఉండలేరు.